సమీప సర్పిల గెలాక్సీలో రేడియో మూలాల పట్టిక నిర్మాణం: ఎం 33 ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:

ఖగోళశాస్త్రంలో పట్టిక నిర్మాణం పరిశోధనకు ముందు జరిగే యాంత్రికమైన పని అన్న అభిప్రాయం ఒకటి ఉంది. ఒక సమీప సర్పిల గెలాక్సీలో రేడియో మూలాలను గుర్తించి, కొలిచి, పట్టికలో చేర్చే క్రమాన్ని దశలవారీగా వివరించి, ఆ అభిప్రాయం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. త్రిభుజ రాశిలోని ఎం 33 గెలాక్సీపై 1999లోను, 2019లోను వెలువడిన రేడియో పట్టికలు ఇందుకు ప్రధాన ఆధారం. హైదరాబాదు నిజామియా వేధశాల నక్షత్ర పట్టిక అనుభవాన్ని, 1955 నాటి కేంబ్రిడ్జి రేడియో పట్టిక వివాదాన్ని తులనాత్మకంగా చూడడం జరిగింది. పట్టికలోని ప్రతి సంఖ్య పక్కన దాని అనిశ్చితి, మొత్తం పట్టిక పక్కన దాని పరిమితి ఉన్నప్పుడే అది ప్రమాణం కాగలదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: రేడియో ఖగోళశాస్త్రం, సర్పిల గెలాక్సీ, ఎం 33, సూపర్నోవా అవశేషాలు, వర్ణపట సూచిక, నిజామియా వేధశాల, శ్రీశైలం.

1. ఉపోద్ఘాతం:

నంద్యాల జిల్లాలోని శ్రీశైలం ఉత్తర అక్షాంశం సుమారు 16 డిగ్రీల 4 నిమిషాలు. ఎం 33 గెలాక్సీ క్రాంతి, అంటే ఖగోళ విషువద్‌వృత్తం నుండి దాని కోణీయ దూరం, ఉత్తరంగా సుమారు 30 డిగ్రీల 40 నిమిషాలు. ఈ రెండింటి భేదం 15 డిగ్రీల లోపే. కాబట్టి ఆ గెలాక్సీ యామ్యోత్తర రేఖను దాటే వేళ శ్రీశైలవాసికి దాదాపు నడినెత్తిన, ఉత్తర క్షితిజం నుండి 75 డిగ్రీలకు పైగా ఎత్తులో ఉంటుంది. కార్తిక మాసంలో ఈ సంఘటన రాత్రి పది గంటల ప్రాంతంలో జరుగుతుంది. వెన్నెల లేని రాత్రి, దీపాల కాంతికి దూరంగా నల్లమల అంచున నిలిచి బైనాక్యులర్‌తో చూస్తే అది ఒక మసక మరకగా మాత్రమే తోస్తుంది.

అదే మరకను రేడియో తరంగాలలో పరిశీలించి 2019లో ప్రచురించిన పట్టికలో 2,875 మూలాలు ఉన్నాయి. అయితే ఈ సంఖ్యను చూసి ఎం 33లో 2,875 రేడియో వస్తువులు ఉన్నాయని చెప్పడం పొరపాటు. ఆ దిశలో కనిపించినవి ఎన్ని, ఆ గెలాక్సీకి చెందినవి ఎన్ని, ఏ సంగతీ తేల్చలేనివి ఎన్ని అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. ఈ మూడింటినీ విడదీయడంలోనే పట్టిక కర్త శ్రమ అంతా ఉంది.

శ్రీశైల ఆలయ ప్రాకారంపై ఉన్న శిల్పఫలకాలను నమోదు చేయవలసి వస్తే పరిశోధకుడు ఏ క్రమాన్ని పాటిస్తాడు? ముందుగా ఫలకం ఏ దిక్కు గోడపై, ఏ వరుసలో, ఎన్నవది, ఎంత కొలత కలది అని రాసుకొంటాడు. అది ఏ పురాణ ఘట్టమో తరువాత నిర్ణయిస్తాడు. ఆ నిర్ణయం రేపు మారవచ్చు, స్థానం మారదు. రేడియో పట్టికకు కూడా ఇదే మూలసూత్రం: ముందు స్థానం, తరువాత కొలత, ఆ పైన గుర్తింపు.

2. తెలుగు నేలపై పట్టిక సంప్రదాయం - నిజామియా వేధశాల:

ఆకాశాన్ని క్రమబద్ధంగా కొలిచి పట్టిక వేసే పనిలో హైదరాబాదుకు నూరేళ్లకు మించిన అనుభవం ఉంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ స్థాపించిన నిజామియా వేధశాల తరువాత నిజాం ప్రభుత్వ అధీనంలోకి వచ్చి, బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందింది. 1887లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం మొత్తం ఆకాశాన్ని ఛాయాచిత్ర ఫలకాలపై నమోదు చేయాలని సంకల్పించి, ఒక్కొక్క వేధశాలకు ఒక్కొక్క క్రాంతి మండలాన్ని కేటాయించింది. చిలీ దేశంలోని సాంటియాగోకు మొదట కేటాయించిన దక్షిణ క్రాంతి 17 నుండి 23 డిగ్రీల మండలాన్ని నిజామియా వేధశాల స్వీకరించింది. అనంతరం పోట్స్‌డాం వేధశాలకు చెందిన ఉత్తర మండలంలో కొంత భాగాన్ని కూడా చేపట్టింది. ఆర్థర్ చాట్‌వుడ్ ప్రారంభ దశను, 1914 నుండి రాబర్ట్ పోకాక్ పరిశీలనలను నడిపించారు. 1918లో పోకాక్ మరణించిన తరువాత టి. పి. భాస్కరన్ ఆ పనిని ముందుకు తీసుకొనిపోయారు.

ఆ పని స్వరూపం ఇది. గాజు ఫలకంపై నక్షత్రాలతో పాటు సన్నని గళ్ల జాలాన్ని కూడా ముద్రించేవారు. సూక్ష్మదర్శిని కింద ఒక్కొక్క నక్షత్రబిందువు ఏ గడిలో, గీతల నుండి ఎంత దూరంలో ఉందో చేత్తో కొలిచి రాసేవారు. ఇలా కొన్ని లక్షల బిందువులు నమోదయ్యాయి. ఆ శ్రమకు వెంటనే పెద్ద ఫలితం కనిపించలేదు. హిప్పార్కస్ ఉపగ్రహ కొలతల ఆధారంగా 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో సుమారు 25 లక్షల నక్షత్రాల స్వీయచలనాలను నిర్ణయించడానికి, పలు వేధశాలలు కలిసి రూపొందించిన ఆ పాత ఛాయాచిత్ర పట్టికే తొలి కాలబిందువుగా ఉపకరించింది. నాటి కొలతలోని దోషం ఎంతో తెలిసి ఉండడం వల్లనే అది సాధ్యమైంది.

మరొక విశేషం గమనించదగినది. తిమింగల రాశిలోని ఎన్‌జీసీ 247 అనే సమీప సర్పిల గెలాక్సీ క్రాంతి దక్షిణంగా 20 డిగ్రీల 46 నిమిషాలు. అంటే అది హైదరాబాదు మండలంలోనే ఉంది. అయితే అక్కడ నమోదైన నక్షత్రాలు మన పాలపుంతకు చెందినవి. గెలాక్సీ వాటికి ఎంతో వెనుక ఉంది. ముందున్నదాన్ని, వెనుకనున్నదాన్ని ఒకే తలంపై చూపే ఈ ఆకాశ లక్షణమే రేడియో పట్టికలోను ప్రధాన సమస్య అవుతుంది.

3. రేడియో మూలం - స్వభావం, కొలమానం:

ఒక సర్పిల గెలాక్సీ దిశలో కనిపించే రేడియో మూలాలు ప్రధానంగా మూడు తెగలు.

మొదటిది అయనీకృత హైడ్రోజన్ మేఘాలు. కొత్తగా పుట్టిన భారీ నక్షత్రాల అతినీలలోహిత కాంతి చుట్టూ ఉన్న హైడ్రోజన్‌ను అయనీకరిస్తుంది. సుమారు 10,000 కెల్విన్ ఉష్ణోగ్రత గల ఆ వాయువులో ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల సమీపం నుండి పోతూ దారి మళ్లినప్పుడు వెలువడేది ఉష్ణీయ వికిరణం. 1784లో విలియం హెర్షెల్ కనుగొన్న ఎన్‌జీసీ 604 ఎం 33లో ఇటువంటి మేఘాలలో అతిపెద్దది.

రెండవది సూపర్నోవా అవశేషాలు. నక్షత్ర విస్ఫోటనం వల్ల పుట్టిన అఘాత తరంగం ఎలక్ట్రాన్లను కాంతివేగానికి సమీప వేగాలకు చేరుస్తుంది. అవి అయస్కాంత క్షేత్రంలో సర్పిలంగా తిరుగుతూ వెలువరించేది సింక్రోట్రాన్ వికిరణం.

మూడవది నేపథ్య గెలాక్సీలు. ఇవి మనం చూస్తున్న గెలాక్సీకి చెందినవి కావు. వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, వాటి కేంద్రాలలోని బృహత్ కృష్ణబిలాల చర్య వల్ల ప్రబలమైన రేడియో మూలాలుగా కనిపిస్తాయి.

మూలం ప్రకాశాన్ని అభివాహ సాంద్రత అంటారు. ఒక చదరపు మీటరు వైశాల్యానికి, ఒక హెర్ట్జ్ పౌనఃపున్య పట్టీలో సెకనుకు చేరే శక్తి అది. దీని ప్రమాణం జాన్‌స్కీ. ఇది 10 యొక్క మైనస్ 26వ ఘాతమంత వాట్లకు సమానం. 2019 నాటి ఎం 33 పట్టిక సుమారు 20 మైక్రోజాన్‌స్కీల వరకు, అంటే జాన్‌స్కీలో యాభై వేల వంతు వరకు, దిగి చూడగలిగింది.

4. పటం గీయడంలో పృథక్కరణ సమస్య:

మన పాలపుంతకు వెలుపలి సాధారణ సర్పిల గెలాక్సీ నుండి రేడియో తరంగాలను స్పష్టంగా గుర్తించినది 1950లో. జోడ్రెల్ బ్యాంక్‌లోని 218 అడుగుల స్థిర పరావలయ యాంటెన్నాతో హాన్‌బరీ బ్రౌన్, సిరిల్ హజార్డ్ దేవయాని గెలాక్సీని పరిశీలించారు. వారికి లభించినది గెలాక్సీ మొత్తం ఆకృతి మాత్రమే. అందులోని విడి మూలాలు కనబడే అవకాశం ఆ పరికరానికి లేదు.

కారణం సరళమైనది. రేడియో దూరదర్శిని విడదీసి చూడగల కనిష్ఠ కోణం సుమారుగా తరంగదైర్ఘ్యాన్ని యాంటెన్నా వ్యాసంతో భాగిస్తే వస్తుంది. 21 సెంటీమీటర్ల తరంగాన్ని 45 మీటర్ల యాంటెన్నాతో చూస్తే ఆ కోణం 16 కోణీయ నిమిషాలు. ఎం 33 పొడవు సుమారు 70 కోణీయ నిమిషాలు. అంటే గెలాక్సీ నిడివి మొత్తం నాలుగైదు బిందువులకు మించదు.

ఈ అవరోధాన్ని దాటడానికి మన దేశంలో మొదట అనుసరించిన మార్గాలలో చంద్ర ఆచ్ఛాదనం ఒకటి. 1970లో పని ప్రారంభించిన ఊటీ రేడియో దూరదర్శినితో, చంద్రుని అంచు ఒక మూలాన్ని కప్పే క్షణాన్ని గుర్తించి దాని స్థానాన్ని, ఆకృతిని నిర్ణయించేవారు. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఉస్మానియా విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల-రంగాపూర్ వేధశాలలో 10 గిగాహెర్ట్జ్‌ల వద్ద రేడియోలో పరిశీలించినప్పుడూ ఇదే సూత్రం పనిచేస్తుంది: చంద్రుని అంచు కదిలేకొద్దీ సూర్యునిపై ఏ భాగం నుండి ఎంత వికిరణం వస్తున్నదో తెలుస్తుంది.

అయితే చంద్రుడు తన మార్గంలో లేని గెలాక్సీని కప్పలేడు. అందువల్ల వ్యతికరణమాపకమే సర్వసాధారణ సాధనమైంది. దూరదూరంగా ఉన్న అనేక యాంటెన్నాల సంకేతాలను జతలుజతలుగా కలిపి, వాటి మధ్య గరిష్ఠ దూరమంత వ్యాసం గల దూరదర్శిని ఇవ్వగల సూక్ష్మతను సాధించడం దీని పద్ధతి. పుణె సమీపంలోని ఖోడద్ వద్ద ఉన్న జీఎంఆర్‌టీలో 45 మీటర్ల వ్యాసం గల 30 యాంటెన్నాలు సుమారు 25 కిలోమీటర్ల మేర విస్తరించి ఉన్నాయి. 21 సెంటీమీటర్ల వద్ద 25 కిలోమీటర్ల దూరానికి లభించే కోణం రెండు కోణీయ సెకన్ల లోపే. అమెరికాలోని న్యూ మెక్సికోలో 27 యాంటెన్నాలతో ఉన్న వీఎల్ఏ సముదాయం ఎం 33 పట్టికకు వాడిన సాధనం. దాని పృథక్కరణ సామర్థ్యం ఆ పటంలో 5.9 కోణీయ సెకన్లు. ఎం 33 దూరం వద్ద అది సుమారు 24 పార్సెక్కులకు, అంటే 78 కాంతి సంవత్సరాలకు సమానం.

వ్యతికరణమాపకానికి ఒక లోపం ఉంది. యాంటెన్నాల మధ్య కనిష్ఠ దూరం కంటే దగ్గరి సమాచారం లభించదు కాబట్టి, గెలాక్సీ అంతటా పలుచగా పరచుకొన్న వికిరణం పటంలో చాలావరకు లోపిస్తుంది. కనుక పట్టికలోని మూలాల అభివాహాలను కూడితే గెలాక్సీ మొత్తం అభివాహం రాదు. సంహత మూలాల పట్టికను గెలాక్సీ సంపూర్ణ వర్ణనగా భావించరాదని దీని భావం.

5. మూలమా, రొదా? - అవధి నిర్ణయం:

ప్రతి రేడియో పటంలోను యాదృచ్ఛిక రొద ఉంటుంది. దాని ప్రామాణిక విచలనాన్ని సిగ్మా అంటారు. పటంలోని ఒక బిందువు ఎన్ని సిగ్మాలు ఎత్తుగా ఉంటే దాన్ని మూలంగా అంగీకరించాలి? ఒక ఉజ్జాయింపు లెక్క వేసి చూద్దాం.

ఎం 33ను 70, 40 కోణీయ నిమిషాల అక్షాలు గల దీర్ఘవృత్తంగా తీసుకొంటే దాని వైశాల్యం సుమారు 0.61 చదరపు డిగ్రీలు. 5.9 కోణీయ సెకన్ల పృథక్కరణకు అందులో దాదాపు 2 లక్షల స్వతంత్ర బిందువులు ఉంటాయి. రొద సామాన్య విభాజనాన్ని అనుసరిస్తే, అవధి 3 సిగ్మాలుగా పెట్టినప్పుడు ఏ మూలమూ లేకున్నా దాదాపు 270 బిందువులు మూలాలుగా భ్రమింపజేస్తాయి. అవధి 4 సిగ్మాలయితే ఆ సంఖ్య సుమారు 6. అవధి 5 సిగ్మాలయితే ఒకటి కంటే ఎంతో తక్కువ.

అవధిని పెంచితే దోషాలు తగ్గుతాయి కాని, నిజమైన మంద మూలాలు కూడా జారిపోతాయి. తగ్గిస్తే పట్టిక నిడివి పెరుగుతుంది కాని, అందులో కొన్ని లేనివి చేరుతాయి. నిజమైన పటాలలో ప్రబల మూలాల చుట్టూ ఏర్పడే కృత్రిమ వలయాల వల్ల పరిస్థితి ఈ లెక్క కంటే క్లిష్టంగా ఉంటుంది. అందుచేత అవధి ఎంతో చెప్పని పట్టికలోని మూలాల సంఖ్యకు అర్థం లేదు. 1999లో వెలువడిన ఎం 33 పట్టికలో 186 మూలాలు, 2019 పట్టికలో 2,875 మూలాలు ఉన్నాయంటే ఈ ఇరవై ఏళ్లలో గెలాక్సీ మారలేదు. సాధన సూక్ష్మత మారింది, మూలాలను వెదికే గణన పద్ధతి మారింది. పెద్ద మేఘాలలోని భాగాలు విడివిడి మూలాలుగా నమోదు కావడమూ సంఖ్య పెరగడానికి ఒక కారణం.

6. 1955 నాటి ఒక గుణపాఠం:

అవధి సరిగా ఉన్నా పట్టిక తప్పవచ్చునని కేంబ్రిడ్జి అనుభవం నిరూపించింది. మార్టిన్ రైల్ బృందం 1955లో ప్రచురించిన రెండవ కేంబ్రిడ్జి పట్టికలో 1,936 రేడియో మూలాలు ఉన్నాయి. మంద మూలాల సంఖ్య ఊహించినదానికంటే ఎంతో ఎక్కువగా ఉండడంతో, దాని ఆధారంగా విశ్వం స్థిరస్థితిలో లేదని రైల్ వాదించారు. ఆస్ట్రేలియాలో బెర్నార్డ్ మిల్స్, బ్రూస్ స్లీ తమ పరికరంతో అదే ఆకాశభాగాన్ని పరిశీలించి, 1957లో రెండు పట్టికలను పోల్చి చూపారు. ఉమ్మడి ప్రాంతంలో ఒక పట్టికలోని మూలాలకు మరొకదానిలోని మూలాలకు పొంతన కుదరలేదు.

లోపం రొదలో లేదు. పృథక్కరణ కోణం పెద్దది కావడంతో ఒకే పుంజంలో పడిన అనేక మంద మూలాలు కలిసిపోయి ఒక్క ప్రబల మూలంగా కనిపించాయి. దీనినే సంకులత అంటారు. 1959లో వెలువడిన మూడవ కేంబ్రిడ్జి పట్టిక 471 మూలాలకే పరిమితమైంది. దానిలోని సంఖ్యలు నేటికీ వాడుకలో ఉన్నాయి. విశ్వం స్థిరస్థితిలో లేదన్న నిర్ణయం తదనంతర పరిశీలనల వల్ల బలపడినా, 1955 నాటి ఆధారం మాత్రం నిలువలేదు. నిర్ణయం సరైనంత మాత్రాన దాని తొలి ఆధారం సరైనది కాదన్న విషయం పరిశోధకులు గుర్తుంచుకోదగినది.

7. గెలాక్సీలోనిదా, వెనుకనుందా?

ఎఫ్ఐఆర్‌ఎస్‌టీ అనే వీఎల్ఏ సర్వే 1.4 గిగాహెర్ట్జ్‌ల వద్ద 10,575 చదరపు డిగ్రీల ఆకాశంలో 1 మిల్లీజాన్‌స్కీ అవధితో 9,46,432 మూలాలను నమోదు చేసింది. అంటే చదరపు డిగ్రీకి సుమారు 90. ఎం 33 వైశాల్యం 0.61 చదరపు డిగ్రీలు కాబట్టి, ఆ గెలాక్సీ అక్కడ లేకపోయినా అంతటి మూలాలు దాదాపు 55 ఆ చోట కనిపించవలసిందే. మందమైన మూలాల వద్దకు పోయేకొద్దీ ఈ సంఖ్య వేగంగా పెరుగుతుంది. సగటున ఎన్ని నేపథ్య మూలాలు ఉండాలో ఇలా చెప్పగలం. ఫలానా మూలం నేపథ్యానిదా కాదా అన్నది మాత్రం ఈ లెక్క చెప్పదు.

అందుకు మొదటి సాధనం వర్ణపట సూచిక. పౌనఃపున్యం పెరిగేకొద్దీ అభివాహం ఎంత వేగంగా మారుతుందో ఇది తెలుపుతుంది. అయనీకృత హైడ్రోజన్ మేఘాలకు ఇది సుమారు మైనస్ 0.1, సూపర్నోవా అవశేషాలకు సుమారు మైనస్ 0.5, నేపథ్య రేడియో గెలాక్సీలకు సాధారణంగా మైనస్ 0.7 సమీపంలో ఉంటుంది. 1.4 గిగాహెర్ట్జ్‌ల వద్ద 1 మిల్లీజాన్‌స్కీ గల మూలం 5 గిగాహెర్ట్జ్‌ల వద్ద మేఘమైతే 0.88, అవశేషమైతే 0.53, నేపథ్య గెలాక్సీ అయితే 0.41 మిల్లీజాన్‌స్కీలుగా కనిపించాలి.

చూడడానికి ఇది స్పష్టమైన విభజన. అయితే రెండు కొలతలలోను 10 శాతం చొప్పున దోషం ఉందనుకొందాం. అప్పుడు వర్ణపట సూచికలో దోషం సుమారు 0.11. మేఘానికి, అవశేషానికి మధ్య భేదం 0.4 కాబట్టి వాటిని నమ్మకంగా విడదీయవచ్చు. అవశేషానికి, నేపథ్య గెలాక్సీకి మధ్య భేదం 0.2 మాత్రమే. అది దోషానికి రెండింతలు కూడా కాదు. పైగా ప్రతి తెగలోను సూచిక విలువలు కొంత మేర వ్యాపించి ఉంటాయి. కాబట్టి ఈ ఒక్క సాధనంతో వాటిని విడదీయలేము. 2019 పట్టికలోని 2,875 మూలాలలో వర్ణపట సూచిక కచ్చితంగా నిర్ణయమైనవి 675 మాత్రమే, అంటే నాలుగింట ఒక వంతు కంటే తక్కువ. ఈ సంఖ్యను పట్టిక కర్తలు తమ సారాంశంలోనే ప్రకటించారు.

8. ఇతర పట్టికలతో సరిపోల్చడం:

రెండవ సాధనం ఇతర తరంగాల పట్టికలతో స్థానాలను పోల్చడం. చంద్ర ఎక్స్-కిరణ వేధశాల 2011లో ఎం 33 దిశలో ప్రచురించిన పట్టికలో 662 మూలాలు ఉన్నాయి. వాటిలో 319 మూలాల స్థానాలలో రేడియో మూలాలు కూడా లభించాయి. ఈ 319లో అధికభాగం నేపథ్య గెలాక్సీలే కావచ్చునని పరిశోధకులు నిర్ణయించారు. రెండు పట్టికలలో కనిపించడం ఒక మూలం నిజమైనదనడానికి సాక్ష్యం. అది ఎం 33కు చెందినదనడానికి సాక్ష్యం కాదు.

పోలిక వ్యాసార్ధం ఎంత ఉండాలన్నది ఇక్కడ మరొక చిక్కు. 2,875 మూలాలు గెలాక్సీ దీర్ఘవృత్తంలో సమంగా పరచుకొన్నాయని ఊహిస్తే, ఏదో ఒక బిందువుకు 3 కోణీయ సెకన్ల లోపు ఒక రేడియో మూలం యాదృచ్ఛికంగా ఉండే సంభావ్యత సుమారు 1 శాతం. వ్యాసార్ధాన్ని 6 సెకన్లకు పెంచితే అది 4 శాతం. 217 అవశేషాలతో పోల్చినప్పుడు యాదృచ్ఛిక సంగమాలు రెండు నుండి తొమ్మిదికి చేరుతాయి. నిజానికి మూలాలు సర్పిల భుజాలలో గుంపులుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. పేరులో పోలిక ఉందని ఇద్దరు శాసనకర్తలను ఒక్కరిగా భావించడంలో ఉండే ప్రమాదమే ఇక్కడా ఉంది.

9. కనిపించనివాటి విలువ:

దృశ్యకాంతి ఆధారంగా ఎం 33లో గుర్తించిన 217 సూపర్నోవా అవశేషాలలో 155 రేడియోలో కనిపించాయి. 1999 పట్టికలో రేడియో ద్వారా గుర్తించినవి 53. తెలిసిన దూరంలో, అనేక తరంగాలలో కొలిచిన అవశేషాల సముదాయం ఇంత పెద్దది అంతకుముందు లేదు. మన పాలపుంతలోని అవశేషాల దూరాలు చాలావరకు అనిశ్చితం. ఎం 33లోనివన్నీ దాదాపు ఒకే దూరంలో ఉన్నాయి కనుక వాటి నిజ ప్రకాశాలను నేరుగా పోల్చవచ్చు. సమీప గెలాక్సీల పట్టికల ప్రయోజనం ముఖ్యంగా ఇదే.

మిగిలిన 62 అవశేషాల మాటేమిటి? అవి రేడియోలో లేవని పట్టిక చెప్పదు. తన అవధికి పైన లేవని మాత్రమే చెబుతుంది. లేకపోవడం, కనిపించకపోవడం వేర్వేరు. వీటిని వదిలివేసి కనిపించిన 155తోనే సగటు తీస్తే అవశేషాలు నిజానికి ఉన్నదానికంటే ప్రకాశవంతమైనవని తేలుతుంది. వీటికి గరిష్ఠ పరిమితిని నమోదు చేస్తేనే ఆ పక్షపాతం తొలగుతుంది.

ఒకే వ్యాసం గల అవశేషాలలో రేడియో, ఎక్స్-కిరణ ప్రకాశాల నిష్పత్తి చాలా విస్తృతంగా మారుతున్నదని 2019 అధ్యయనం తేల్చింది. అవశేషం వయస్సుతో పాటు సింక్రోట్రాన్ వికిరణం ఎలా పరిణమిస్తుందో చెప్పే ప్రస్తుత నమూనాలకు ఈ ఫలితం సవాలుగా నిలిచింది. సిద్ధాంతాన్ని ప్రశ్నించే స్థాయి ఈ పట్టికకు అందులోని సంఖ్యల కచ్చితత్వం వల్లనే లభించింది.

10. ప్రాంతీయ పరిశోధనకు గల అవకాశం:

ఈ తరహా పరిశోధనకు పరిశోధకుని వద్ద సొంత దూరదర్శిని ఉండనక్కరలేదు. వీఎల్ఏ, జీఎంఆర్‌టీ పరిశీలనల దత్తాంశాలు నిర్ణీత కాలం తరువాత అందరికీ అందుబాటులోకి వస్తాయి. జీఎంఆర్‌టీ 150 మెగాహెర్ట్జ్ సర్వే 2017లో 36,900 చదరపు డిగ్రీల ఆకాశానికి 6 లక్షలకు పైగా మూలాల పట్టికను ప్రకటించింది. ఎం 33, ఎన్‌జీసీ 247 రెండూ ఆ సర్వే పరిధిలోనివే. పటాలను రూపొందించడానికి కాసా, మూలాలను వెదకడానికి పైబీడీఎస్‌ఎఫ్, పట్టికలను పోల్చడానికి టాప్‌క్యాట్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. నంద్యాలలోనో, ఆళ్లగడ్డలోనో ఉన్న కళాశాల భౌతికశాస్త్ర విభాగం ఒక కంప్యూటరుతో, అంతర్జాల సౌకర్యంతో ఈ పనిని ప్రారంభించవచ్చు.

విద్యార్థికి అప్పగించదగిన తొలి అభ్యాసంగా ఒకటి సూచించవచ్చు. ఎన్‌జీసీ 247 ఉన్న ప్రాంతంలో 150 మెగాహెర్ట్జ్, 1.4 గిగాహెర్ట్జ్ సర్వే పట్టికలు రెండింటిలోను ఉన్న మూలాలను తీసి, వర్ణపట సూచికను దోషంతో సహా గణించి, గెలాక్సీ లోపల, వెలుపల సమాన వైశాల్యాలలో మూలాల సంఖ్యను పోల్చాలి. సర్వేల అవధి ఎక్కువ కాబట్టి లభించేవి కొద్ది మూలాలే. అయినా వాటిలో ఎన్ని నేపథ్యానివో విద్యార్థి స్వయంగా వాదించవలసి రావడం ఈ అభ్యాస ప్రయోజనం.

11. ముగింపు:

- రేడియో పట్టికలో మూలాల సంఖ్య గెలాక్సీ లక్షణం మాత్రమే కాదు. పృథక్కరణ సామర్థ్యం, అవధి, వెదికే పద్ధతి కలిసి దానిని నిర్ణయిస్తాయి. ఈ మూడింటినీ చెప్పకుండా సంఖ్యను ఉదహరించడం సరికాదు.

- నేపథ్య గెలాక్సీలను విడదీయడం పట్టిక నిర్మాణంలో అత్యంత క్లిష్టమైన దశ. వర్ణపట సూచిక ఒక్కటే అందుకు చాలదు. దృశ్యకాంతి, ఎక్స్-కిరణ పట్టికల సాక్ష్యం కూడా కావాలి. అప్పటికీ తేలనివాటిని తేలనివిగానే నమోదు చేయాలి.

- 1955 నాటి కేంబ్రిడ్జి పట్టిక అనుభవం ప్రకారం, పరిమితిని గుర్తించని పట్టికపై నిర్మించిన సిద్ధాంతవాదం నిలువదు.

- కనిపించని మూలాలకు గరిష్ఠ పరిమితులను నమోదు చేయడం కనిపించినవాటి నమోదుతో సమానమైన పని.

- బేగంపేటలో గాజు ఫలకాలపై నక్షత్రాలను కొలిచినవారికి ఆ అంకెలు ఉపగ్రహ యుగంలో ఉపకరిస్తాయని తెలిసే అవకాశం లేదు. వారు స్థానాన్ని, దోషాన్ని నిజాయితీగా రాసి ఉంచారు. నేడు ఎం 33 దిశలో నమోదవుతున్న ప్రతి మూలం కూడా రేపటి కొలతకు తొలి కాలబిందువే. గ్రంథాలయంలో తాళపత్రాలకైనా, ఆలయంలో శాసనాలకైనా, ఆకాశంలో రేడియో మూలాలకైనా పట్టిక కర్త బాధ్యత ఇదే.